మిగిలిపోయిన పీరియడ్లు: కతోలిక ఉన్నత పాఠశాలల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

కతోలిక ఉన్నత పాఠశాలలను నడుపుతున్న మఠసభల పెద్దలకు, మేత్రాసన (బిషప్ పాలనలోని ప్రాంతపు) విద్యా విభాగాల బాధ్యులకు, ప్రధానోపాధ్యాయ స్థానంలో ఉన్న ఫాదర్లకు, సిస్టర్లకు, గృహస్థులకు (ఫాదర్లూ సిస్టర్లూ కాని సామాన్య విశ్వాసులకు) నమస్కారాలు.

నేను ఇరవై ఆరేళ్లపాటు ఒక కతోలిక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. కతోలికుణ్ని కాను, జ్ఞానస్నానం పొందినవాణ్ని కాను. అయినా నా ఉద్యోగ జీవితమంతా ఆ బడి ప్రార్థన గంటల మధ్యే గడిచింది. ఆ బడి మంచిచెడ్డల్లో నాకూ భాగముంది కనుక ఈ ఉత్తరం బయటివాడి ఫిర్యాదుగా కాకుండా లోపలివాడి విన్నపంగా చదవమని కోరుతున్నాను. చివరి తొమ్మిదేళ్లు బడి టైమ్‌టేబుల్ తయారుచేసే పని నాకే అప్పగించారు. నేను చెప్పదలచినది ఒక్కటే విషయం, అది ఆ పనిలోనే నాకు తెలిసివచ్చింది. మీ పాఠశాలలు దేనికోసం పుట్టాయని మీరు చెబుతారో, ఆ పనికే మీ పాఠశాలల్లో మనుషులూ సమయమూ అందరికన్నా చివర, మిగిలినదాంట్లోంచి కేటాయిస్తున్నారు.

టైమ్‌టేబుల్ ఎలా తయారవుతుందో తెలియనివారికి కొంచెం చెప్పాలి. పెద్ద అట్టమీద గళ్లు గీసి, ఒక్కో ఉపాధ్యాయుడికి ఒక్కో రంగు చొప్పున చీటీలు కత్తిరించి పెట్టుకునేవాణ్ని. ముందు గణితం చీటీలు, అవి ఉదయం పూటే పడాలి. తర్వాత విజ్ఞానశాస్త్రాలు, వాటికి ప్రయోగశాలలో రెండేసి పీరియడ్లు వరుసగా దొరకాలి. ఆపైన భాషలు, సాంఘికశాస్త్రం, వారంలో మూడు రోజులే వచ్చే పార్ట్‌టైమ్ ఉపాధ్యాయులు, కంప్యూటర్ గది ఖాళీ, మైదానం ఖాళీ. ఇవన్నీ సర్దేసరికి సాయంత్రం దాటేది. అప్పటికి చేతిలో కొన్ని తెల్ల చీటీలు మిగిలేవి. కతోలిక పిల్లలకు మతవిద్య, మిగతావారికి నీతివిద్య, చదువులో వెనుకబడినవారికి ప్రత్యేక తరగతి. తెల్లవి ఎందుకంటే వాటికి ఉపాధ్యాయుడంటూ ఎవరూ లేరు. వారానికి ఇరవై ఎనిమిది పీరియడ్ల లెక్కలో ఎవరికి రెండు తక్కువపడితే వారి రంగు వేసి ఆ చీటీలు అంటించేవాణ్ని. డ్రాయింగ్ మాస్టారికి రెండు, వ్యాయామ ఉపాధ్యాయుడికి రెండు, ప్రసవ సెలవు నుంచి మధ్యలో తిరిగొచ్చిన జీవశాస్త్రం టీచరుగారికి మూడు. వారికి ఆ విషయం తెలుసా, చెప్పడం ఇష్టమా అని నేను అడగలేదు. నా పైవారు నన్నూ అడగలేదు. తొమ్మిదేళ్లలో ఆ అట్టను చూసి సంతకం పెట్టిన ముగ్గురు ప్రధానోపాధ్యాయులూ గణితం పీరియడ్లు ఎక్కడ పడ్డాయో వేలు పెట్టి చూశారు గానీ తెల్ల చీటీల దగ్గర వారి వేలు ఆగలేదు. తప్పు వారిది మాత్రమే అనను. జిగురు నా చేతిలోనే ఉంది.

ఒక ఏడాది ఆ చీటీలు నాకే పడ్డాయి. మతవిద్య చెప్పే సిస్టర్‌గారిని మఠసభవారు విద్యా సంవత్సరం మధ్యలో మరోచోటికి బదిలీ చేశారు. నా లెక్కలో సరిగ్గా రెండు పీరియడ్లు తక్కువున్నాయి. తొమ్మిదో తరగతి కతోలిక పిల్లలు, పద్దెనిమిది మంది. పుస్తకంలో ఆ వారం పాఠం పాపసంకీర్తనం గురించి, అంటే ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకుని దేవుడి క్షమాపణ పొందడం గురించి. నేను చేయగలిగింది చదివించడం కనుక ఒక్కొక్కరిచేత ఒక్కో పేరా చదివించాను. అయిపోయాక ఏమైనా సందేహాలున్నాయా అని అలవాటుకొద్దీ అడిగాను. చివరి బెంచీలో కూర్చునే కుర్రవాడు ఒకడు, భౌతికశాస్త్రం తరగతిలో ఎన్నడూ నోరు విప్పనివాడు, లేచి నిలబడి, “సార్, ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసేశాక కూడా, ఎవరి వస్తువు తీశామో వాళ్లకు తిరిగి ఇవ్వాలా?” అని అడిగాడు.

తరగతి నిశ్శబ్దమైపోయింది. “దేవుడే క్షమించాక ఇంకేముంటుందిరా” అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు ఆగానో ఇప్పటికీ తెలియదు. బహుశా లెక్క తెలియకుండా జవాబు రాసే విద్యార్థిని నేను ఏనాడూ క్షమించలేదు కనుక కావచ్చు. రేపు చెబుతానన్నాను. ఆ సాయంత్రం గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు అంటిస్తూ కూర్చున్న వృద్ధ సిస్టర్‌గారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆవిడ తలెత్తకుండానే చెప్పారు: “క్షమాపణ పాపాన్ని తీసేస్తుంది మాస్టారూ, పాపం చేసిన నష్టాన్ని తీసేయదు. దొంగిలించింది తిరిగి ఇవ్వాలి, పోగొట్టిన పేరు తిరిగి నిలబెట్టాలి, ఎంత చేతనైతే అంత.” మీ శ్రీసభ (కతోలిక సంఘం) తన విశ్వాసాన్ని వివరించే సత్యోపదేశ గ్రంథంలోనూ ఇదే ఉందని తర్వాత చదివాను. మరుసటి పీరియడ్‌లో ఆ మాటలే తరగతికి చెప్పాను, ఎవరు చెప్పారో కూడా చెప్పాను. కుర్రవాడు తల ఊపి కూర్చున్నాడు. నాలుగు రోజుల తర్వాత, అంతకు ముందు నెలలో ప్రయోగశాల నుంచి కనబడకుండా పోయిన స్టాప్‌వాచ్ ఒకటి నా బల్ల సొరుగులో, కాగితంలో చుట్టి, కనిపించింది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ ప్రశ్న అడగడానికి ఆ పిల్లవాడికి ఎన్నాళ్లు పట్టిందో మీరు ఊహించగలరు. దానికి జవాబు చెప్పవలసిన కుర్చీలో, జవాబు తెలియని, తెలుసుకోవలసిన బాధ్యత కూడా లేని ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుణ్ని రెండు పీరియడ్ల లెక్క సరిపోవడంకోసం కూర్చోబెట్టారు. మీ శ్రీసభ చట్టం, 1983లో ప్రకటించినది, 804వ అధికరణంలో మతవిద్య చెప్పేవారు సరైన సిద్ధాంత జ్ఞానంలోనూ, క్రైస్తవ జీవితపు సాక్ష్యంలోనూ, బోధనా నైపుణ్యంలోనూ ముందుండేలా చూడవలసిన బాధ్యతను స్థానిక మేత్రాణులపై (బిషప్పులపై) పెట్టింది. ఆ మూడింటిలో నాకు చెప్పుకోదగినది ఒక్కటే, అదీ భౌతికశాస్త్రంలో.

ఇంకొక మాట. వాటికన్ విద్యా విభాగం 1988లో వెలువరించిన పత్రం సత్యోపదేశానికీ బడిలో చెప్పే మతవిద్యకూ మధ్య తేడాను స్పష్టంగా చూపింది. సత్యోపదేశం విశ్వాసాన్ని అంగీకరించినవారిని ఆ జీవితంలో పెంచడానికి, దాని సహజమైన చోటు కుటుంబం, విచారణ (ఊరి చర్చి సంఘం). బడిలో మతవిద్య జ్ఞానానికి సంబంధించినది: క్రైస్తవ మతం ఏమి చెబుతుంది, ఎందుకు చెబుతుంది, అది ఎలా ఎదిగింది అన్నది తెలుసుకోవడం. 1997లో వచ్చిన సత్యోపదేశ మార్గదర్శిని ఇంకాస్త ముందుకు వెళ్లి, బడిలో మతవిద్యను మిగతా పాఠ్యవిషయాలంత పద్ధతితో, అంత కచ్చితత్వంతో బోధించాలని అడిగింది. నాలాంటి కతోలికేతరుడికి ఈ మాట ఊరటనిచ్చింది. నన్ను భక్తుడిగా నటించమని ఎవరూ అడగనక్కరలేదు. కానీ ఒక విషయాన్ని కచ్చితంగా చెప్పాలంటే ఆ విషయం చదువుకున్నవాడు కావాలి. త్రికోణమితి రానివాణ్ని గణితం తరగతికి పంపితే తల్లిదండ్రులు మరుసటి రోజే గేటు దగ్గరికి వస్తారు. మతవిద్యకు ఎవరిని పంపినా ఎవరూ రారు. రారన్న ధైర్యంతోనే పంపుతున్నాము.

ఇది ఇలా ఎందుకైందో నేను ఆలోచించాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బడిలో తొమ్మిది మంది సిస్టర్లు పాఠాలు చెప్పేవారు. నేను వదిలే రోజుకు ఇద్దరు, అందులో ఒకరు కార్యాలయానికే పరిమితం. ఒక్క మా బడి సంగతి కాదిది. 1970 ప్రాంతంలో ప్రపంచంలో 10 లక్షల మంది కన్యస్త్రీలు (సిస్టర్లు) ఉండగా ఇప్పుడు 6 లక్షల లోపే ఉన్నారు. అమెరికాలో 1920 నాటికి కతోలిక పాఠశాలల సిబ్బందిలో పదింట తొమ్మిది మంది గురువులూ (ఫాదర్లూ) మఠవాసులూ అయితే, నేడు అక్కడ నూటికి తొంభై ఏడు మంది గృహస్థులే. మఠ జీవితానికి పిలుపు అందుకునేవారు తగ్గితే దానికి ఎవరినీ నిందించలేము. అయితే సిస్టర్లు వెళ్లిపోయినప్పుడు వారితో ఏమేమి వెళ్లిపోయాయో ఎవరూ జాబితా రాసుకోలేదు. వారి పీరియడ్లు మాకు పంచారు. పీరియడ్లలో లేని పనులు ఎవరికీ పంచలేదు. మూడు రోజులు బడికి రాని పిల్ల ఇంటికి సాయంత్రం నడిచి వెళ్లి చూసి వచ్చేది ఎవరు? మధ్యాహ్నం విరామంలో మైదానం అంచున నిలబడి ఎవడు ఒంటరిగా తింటున్నాడో గమనించేది ఎవరు? పేద పిల్లలకోసం పనిచేసిన ఇటలీ ఫాదర్ డాన్ బోస్కో 1877లో, తప్పు జరగకముందే ఆపాలనే తన నివారణ పద్ధతిని కాగితం మీద పెట్టినప్పుడు శిక్షకన్నా పెద్దల సన్నిధికే ఎక్కువ విలువ ఇచ్చాడు. ఆటస్థలంలో పిల్లల మధ్య ఉండటాన్ని ఆయన విద్యలో భాగంగానే చూశాడు. మా బడిలో ఆ పనికి ఒక డ్యూటీ పట్టిక తయారైంది. పట్టికలో పేరున్నవారు గంట మోగేదాకా వరండాలో నిలబడి ఫోను చూసుకునేవారు. నేనూ చూసుకున్నాను.

ఆ సిస్టర్లకు సొంత జీతం లేదు, వచ్చినదేదైనా మఠానికే పోయేది. అంటే ఒక తరంపాటు మీ పాఠశాలలు లెక్కల్లో కనిపించని శ్రమమీద నడిచాయి. ఆ స్థానంలోకి ఇల్లూ పిల్లలూ ఉన్న మనుషులు వచ్చినప్పుడు ఖర్చు పెరగడం సహజం. చాలాచోట్ల యాజమాన్యాలు ఖర్చు పెరగకుండా ఉండే దారి వెతికాయి, ఆ దారి పేరు కాంట్రాక్టు. పది నెలల నియామకం, సెలవుల్లో జీతం నిలుపుదల, మళ్లీ బడి తెరిచే రోజున కొత్త ఉత్తరం. నా పక్క కుర్చీలో కూర్చునే రసాయనశాస్త్రం మాస్టారు ఏడేళ్లలో ఏడు నియామకపు ఉత్తరాలు అందుకున్నారు. ఏడింటిలోనూ ఒకే వాక్యం: నియామకం తాత్కాలికం. ఆయన పిల్లలకు ఇష్టమైన ఉపాధ్యాయుడు. బడి కాగానే పరుగున ట్యూషన్లకు వెళ్లేవారు, రాత్రి తొమ్మిది దాకా. ఎనిమిదో ఏడు మధ్యలో వేరే చోట మంచి జీతం దొరికి వెళ్లిపోయారు. మిగిలిన ఆరు నెలల్లో ఆ తరగతికి ముగ్గురు మారారు. ఆయన వీడ్కోలు సభలో పెద్దలు విశ్వాసపాత్రత గురించి మాట్లాడారు. ఎవరి విశ్వాసపాత్రత గురించో నాకు అర్థం కాలేదు.

ఈ చోట మీ చరిత్రలోదే ఒక సంఘటన మీకు గుర్తుచేయాలనుంది. ఫ్రాన్సులోని రైమ్స్ నగరంలో జాన్ బాప్టిస్ట్ ద లా సాల్ అనే సంపన్న ఫాదర్ 1681లో పేద పిల్లల బడుల ఉపాధ్యాయులను తన సొంత ఇంట్లోకే తీసుకొచ్చి పెట్టుకున్నాడు. ఆయన బంధువులకు అది నచ్చలేదు. ఉపాధ్యాయులకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది: ఈ బడులు మూతపడితే మా గతేమిటని. దేవుడి సంరక్షణను నమ్ముకోండని లా సాల్ ధైర్యం చెప్పబోతే, మీకేం, ఆస్తీ ఉంది, ప్రధానాలయంలో (బిషప్ చర్చిలో) పదవీ ఉంది, బడి పోయినా మీ బతుకు సాగుతుంది, మేము వీధిన పడతాము అని వారు నిలదీశారు. వారి మాటలో న్యాయముందని ఆయన ఒప్పుకున్నాడు. 1683లో ఆ పదవిని వదులుకున్నాడు, ఆ తర్వాత వచ్చిన కరువులో ఆస్తిని పేదలకు పంచిపెట్టాడు. లాటిన్ బదులు పిల్లల సొంత భాషలో చదవడం మొదలుపెట్టించడం, ఒక్కొక్కరికి విడివిడిగా కాకుండా తరగతి మొత్తానికీ ఒకేసారి పాఠం చెప్పడం వంటివి ఆయన బడుల్లో స్థిరపడ్డాయి, ఉపాధ్యాయులకు శిక్షణా ఆయన పెట్టాడు. 1950లో పన్నెండో పయస్ పోపు ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా (వారికి అండగా నిలిచే సెయింట్‌గా) ప్రకటించారు. మీలో చాలామంది కార్యాలయాల గోడలకు ఆయన పటం ఉంటుంది. ఆస్తులు పంచిపెట్టమని నేను అడగడం లేదు. ఉపాధ్యాయుల భయానికి ప్రసంగం జవాబు కాదని ఆయన తెలుసుకున్నాడు, ఆ భాగం మాత్రం గుర్తుంచుకోమంటున్నాను.

జీతాల గురించి మీ పత్రాలు మెత్తగా మాట్లాడలేదు. పాఠశాలల్లోని గృహస్థ కతోలికుల గురించి 1982లో వాటికన్ వెలువరించిన పత్రం, స్పష్టమైన ఒప్పందంతో, గౌరవంగా బతకడానికి సరిపోయే జీతం వారికి ఇవ్వాలనీ, బోధనను దెబ్బతీసే రెండో ఉద్యోగం చేయవలసిన అవసరం వారికి రాకూడదనీ అంటుంది. మా రసాయనశాస్త్రం మాస్టారిని చూసి రాసినట్టే ఉంటుంది ఆ వాక్యం. శ్రీసభ చట్టం 1286వ అధికరణం కూడా ఉద్యోగులకు వారి అవసరాలకూ వారిమీద ఆధారపడినవారి అవసరాలకూ సరిపోయే న్యాయమైన వేతనం ఇవ్వాలని ఆస్తుల నిర్వాహకులను ఆదేశిస్తుంది. 1982 నాటి ఆ పత్రమే, కుటుంబాలమీద మోయలేని భారం వేయకుండా ఇది వెంటనే సాధ్యం కాని చోట్లు ఉంటాయనీ నిజాయితీగా ఒప్పుకుంటుంది. ఆ కష్టం నాకు తెలుసు. పేద పిల్లల ఫీజు పెంచి నా జీతం పెంచమని ఏ మనస్సాక్షి ఉన్న ఉపాధ్యాయుడూ అడగడు. కానీ సాధ్యం కాదని చెప్పేటప్పుడు లెక్కలు చూపించి చెప్పండి. ఎంత వచ్చింది, ఎంత భవనానికి పోయింది, ఎంత జీతాలకు పోయింది అన్నది ఏడాదికి ఒకసారి ఉపాధ్యాయుల గదిలో చదివి వినిపిస్తే సగం సణుగుడు అక్కడే ఆగుతుంది. నా ఇరవై ఆరేళ్లలో ఒక్క ఏడాదీ ఆ పని జరగలేదు. కొత్త ఆడిటోరియం మాత్రం లేచింది.

పాఠ్యప్రణాళిక విషయానికి వస్తే, నేను ఇంత మతవిద్య మాట్లాడుతున్నానని నా పాఠాల్లోకి కూడా మతాన్ని తెమ్మంటున్నానని అనుకోకండి. ఒక ఏడాది బడికి పరిశీలనకు వచ్చిన పెద్దలొకరు, విశ్వం పుట్టుక పాఠాన్ని బైబిలు ఆదికాండపు మొదటి వాక్యంతో ముగిస్తే బాగుంటుందని సలహా ఇచ్చారు. నేను సవినయంగా కాదన్నాను. 1977లో కతోలిక పాఠశాల గురించి వాటికన్ వెలువరించిన పత్రమే పాఠ్యవిషయాలను విశ్వాసానికి తోకలుగానో, మతసమర్థనకు పనిముట్లుగానో చూడటం తప్పని చెప్పింది. దేని పద్ధతి దానిదే. ఆ పాఠాన్ని నేను జార్జ్ లెమేత్ర్‌తో ముగించేవాణ్ని. ఆయన బెల్జియం దేశపు కతోలిక గురువు (ఫాదర్), భౌతికశాస్త్రవేత్త, షార్లెరువాలోని జెస్యూట్ పాఠశాలలో చదువుకున్నవాడు. విశ్వం విస్తరిస్తోందని 1927లో సాపేక్ష సిద్ధాంతపు సమీకరణాల ఆధారంగా చూపించాడు, 1931లో విశ్వమంతా ఒకే ఆదిమ పరమాణువు నుంచి మొదలైందనే భావనను ముందుకు తెచ్చాడు. 1951లో పన్నెండో పయస్ పోపు ఆ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువులాగా ప్రస్తావించినప్పుడు, ఇబ్బంది పడినవారిలో ముందున్నది ఈ గురువే. విజ్ఞానశాస్త్రాన్ని విశ్వాసానికి సాక్షిగా నిలబెట్టడం ఆయనకు ఇష్టం లేదు. ఈ కథ చెప్పినప్పుడు కతోలిక పిల్లలూ కతోలికేతరులూ ఒకేలా చెవులు రిక్కించేవారు. తరువాత వచ్చే ప్రశ్నలకు మాత్రం నా దగ్గర జవాబులుండేవి కావు. అయితే ఆదికాండం ఏమి చెబుతోంది సార్, ఆరు రోజులంటే ఏమిటి సార్? మీ మతవిద్య సార్‌ని అడగండి అనేవాణ్ని. వారు నవ్వేవారు, ఎందుకంటే ఆ ఏడాది మతవిద్య సార్ అంటే వ్యాయామ ఉపాధ్యాయుడే.

నీతివిద్య గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే చెప్పడానికి అక్కడ ఉన్నది కొంచెమే. కతోలికేతర పిల్లలకు ఆ పీరియడ్‌లో ఇంటిపని చేసుకోవడం, పరీక్షల ముందు గణితం మాస్టారు దాన్ని అరువు తీసుకోవడం జరిగేది. కతోలికులకూ ఇతరులకూ మధ్యనున్న గీతకు ఇటువైపు కూర్చున్నవాణ్ని కనుక చెబుతున్నాను: ఈ పిల్లలు మీ బడికి వచ్చింది వారి మతం మార్చుకోవడానికి కాదు, కానీ మీరు ఏమి నమ్ముతారో, మీరు ఇంతమందికి బడులు ఎందుకు కట్టారో వారికి తెలియకుండానే ఆరేళ్లు గడిచిపోతున్నాయి. 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) వెలువరించిన విద్యా ప్రకటన కతోలికేతర విద్యార్థులు చదివే మీ పాఠశాలలను ఎంతో ప్రియంగా తలచింది. ఆ ప్రియత్వానికి తగిన పాఠం ఒక్కటి కూడా మీరు వారికోసం రాయించలేదు.

మిగిలిన తెల్ల చీటీల సంగతి, అంటే వెనుకబడిన పిల్లల ప్రత్యేక తరగతి, నాకు అన్నిటికన్నా కష్టమైన విషయం. ఆ తరగతి వారానికి రెండు పీరియడ్లు, రోజులో చివరివి, ఎవరికి ఖాళీ ఉంటే వారు వెళ్లేవి. ఫలితం రాకపోవడం ఆశ్చర్యం కాదు. ఫలితం రాని పిల్లల తల్లిదండ్రులను చివరి పరీక్షల ఏడాదికి ముందు కార్యాలయానికి పిలిచి, వేరే బడి అయితే పిల్లవాడికి ఒత్తిడి తగ్గుతుందని నచ్చజెప్పేవారు. ఏ కాగితంమీదా బలవంతం ఉండేది కాదు. ఒక తల్లి నా ప్రయోగశాల గుమ్మం దగ్గర నిలబడి, “మా వాడు ఈ బడి పేరు పాడుచేస్తాడంటున్నారు మాస్టారూ, నిజమేనా?” అని అడిగింది. లేదమ్మా అన్నాను. మరుసటి వారం ఆ పిల్లవాడి బదిలీ పత్రం సిద్ధమైంది. ఆ ఏడాది మా ఉత్తీర్ణతా శాతం పత్రికలో వచ్చింది, చట్రం కట్టించి వరండాలో తగిలించారు. 1965 నాటి ప్రకటన లోకసంపద లేనివారిపట్ల, కుటుంబపు అండ లేనివారిపట్ల ప్రత్యేక శ్రద్ధ చూపమంది. 1977 నాటి పత్రం కలిగినవారి పిల్లలకే పరిమితమయ్యే కతోలిక పాఠశాల అన్యాయపు సమాజాన్నే నిలబెడుతుందని హెచ్చరించింది. డబ్బు లేనివారిని బయటపెట్టడానికి ఫీజు ఒక్కటే దారి కాదని, ఇంట్లో పాఠం చెప్పే దిక్కులేనివాణ్ని మార్కులతోనూ బయటపెట్టవచ్చని ఆ పత్రం రాసినవారికి నేను చెప్పనక్కరలేదు.

పరీక్షలు, పోటీ, తల్లిదండ్రుల ఆశలు, ప్రభుత్వ నిబంధనలు: మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. మీ చట్టమే 806వ అధికరణంలో కతోలిక పాఠశాలల చదువు ఆ ప్రాంతంలోని ఇతర పాఠశాలల చదువుకు తీసిపోకూడదని కోరుతుంది. నా వంటి ఉపాధ్యాయుడికి అంతకన్నా ఇష్టమైన వాక్యం లేదు. అయితే వారానికి నలభై పీరియడ్లలో రెండు పీరియడ్లకు తగిన మనిషిని పెడితే గణితంలో మార్కులు తగ్గిన బడిని నేను చూడలేదు. ప్రపంచంలో మీ ఉన్నత పాఠశాలలు 50 వేలకు దగ్గరగా ఉన్నాయి, వాటిలో దాదాపు 2 కోట్ల మంది చదువుతున్నారు. ఇంత పెద్ద వ్యవస్థకు మతవిద్య ఉపాధ్యాయులను తయారుచేసుకోవడం ఉపాయం లేని పని అంటే నమ్మడం కష్టం.

కనుక నా విన్నపం ఇది. వచ్చే విద్యా సంవత్సరపు టైమ్‌టేబుల్ వేసేటప్పుడు తెల్ల చీటీలను మొదట అంటించండి. మతవిద్యకు ఆ విషయం చదువుకున్న ఒక గృహస్థ ఉపాధ్యాయుణ్నో ఉపాధ్యాయురాలినో నియమించి, లేకపోతే ఉన్నవారిలో ఇష్టమున్న ఒకరిని బడి ఖర్చుతో, జీతంతో కూడిన సెలవిచ్చి చదివించి, అదే వారి ప్రధాన విషయం చేయండి. వెనుకబడిన పిల్లల తరగతి మీ దగ్గరున్న అందరికన్నా మంచి ఉపాధ్యాయుడికి, ఉదయం పూట ఇవ్వండి, చివరి పీరియడ్ గణితానికే వదలండి. పది నెలల ఉత్తరాలు మానేసి పన్నెండు నెలల ఒప్పందం రాయండి. కతోలికేతరులైన కొత్త ఉపాధ్యాయులను చేర్చుకునేటప్పుడు, మా బడి ఇటువంటిది, మీనుంచి మేము ఆశించేది ఇది, మీనుంచి అడగనిది ఇది అని చేరిన మొదటి వారంలోనే రాతపూర్వకంగా చెప్పండి. ఈస్టర్ ముందటి తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం పిల్లల నుదుటిమీది బూడిద దేనికో నాకు ఒకరు కూర్చోబెట్టి వివరించింది నేను చేరిన పదకొండో ఏట. 2022లో వాటికన్ ఇచ్చిన సూచనలు కూడా ఆశయాలను నియామకం నాడే స్పష్టం చేయమనీ, తొలగింపును మిగతా దారులన్నీ మూసుకుపోయాకే వాడే చివరి మార్గంగా ఉంచమనీ అంటున్నాయి. స్పష్టత లేకుండా చేర్చుకుని, తర్వాత పొరపాటు జరిగిందని పంపేయడం రెండు వైపులా అన్యాయం.

నా తర్వాత టైమ్‌టేబుల్ పనిని ఒక యువ ఉపాధ్యాయురాలు తీసుకున్నారు. ఇప్పుడు అట్టా లేదు, జిగురూ లేదు, కంప్యూటర్ చేసిపెడుతుంది. మొన్న కలిసినప్పుడు అడిగాను, తెల్ల చీటీల సంగతేమిటని. పాఠ్యవిషయాలకు ప్రాధాన్య సంఖ్య ఇవ్వమని ఆ సాఫ్ట్‌వేర్ ముందే అడుగుతుందట. మతవిద్య ఎదురుగా పాత జాబితాలో ఉన్న సంఖ్యనే, పదకొండునే, ఉంచారట. ఆ గడిలో ఒకటి వేయమని ఆవిడకు చెప్పగల అధికారం మీలో ఎవరిదో నాకు తెలియదు కనుక ఈ ఉత్తరం మీ అందరికీ రాశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు